ఎలుగుబంటి నడక

"అక్కడే ఆగండి! అడుగు వెయ్యొద్దు!"

హెల్మీ గుమ్మంలోనే ఆగిపోయింది. తన రేవు పట్నం ఆస్టోరియా నుంచి పోర్ట్‌లండ్ దాకా బస్సులు మారి వచ్చిన మనిషిని, ఇంకొక్క అడుగు ఉందనగా లోపలున్న యువకుడు ఆపేశాడు.

కారు షెడ్డును పనిగదిగా మార్చుకున్నాడతను. బల్ల ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, జానెడు మట్టి ఎలుగుబంటి కాలును వెంట్రుకవాసి జరిపాడు. ఫొటో తీశాడు. అలాంటి ఫొటోలన్నీ వరసగా తిప్పితే సినిమాలో బొమ్మ నడుస్తుంది. ఊపిరి వదిలాడు.

"ఇప్పుడు రండమ్మా. నేల అదిరితే వీడు పడిపోతాడు. పొద్దుటినుంచీ వీధి దాటుతున్నాడు, ఇంకా సగంలోనే ఉన్నాడు."

"గ్రేడీ అంటే నువ్వేనా?"

"నేనే. కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దాని మీద పళ్ళున్నాయి."

నిజంగానే ఉన్నాయి. టూత్‌పేస్టు ప్రకటన కోసం చేసిన మట్టి పళ్ళు, కాళ్ళూ చేతులతో సహా.

"బతకడానికి పళ్ళను నడిపిస్తాను. సరదాకి ఎలుగుబంటిని," అన్నాడు గ్రేడీ.

హెల్మీ నవ్వలేదు. గోడ నిండా ఎలుగుబంటి బొమ్మలే. గొడుగుతో ఒకటి, గుమ్మడికాయతో ఒకటి. వాటిని చూడకుండా ఉండటానికి ఆమె పళ్ళవైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ సరదా గురించే వచ్చాను. నీ సినిమాలో నడిచేది మా ఆయన."

గ్రేడీ ఎలుగుబంటిని చూశాడు. ఆమెను చూశాడు.

"స్టాంపు కొనడానికి పోస్టాఫీసుకి వెళ్ళే ఎలుగుబంటా?"

"అదే. శనివారం మా ఊరి లైబ్రరీలో వేస్తున్నారుగా. ముందే ఫోన్లో చూశాను. కుడిపాదం బయటికి తిప్పుతుంది. నాలుగు అడుగులకోసారి ఏదో గుర్తొచ్చినట్టు చిన్నగా గెంతుతుంది. ఎడమ చెయ్యి బకెట్టు మోస్తున్నట్టు దూరంగా పెట్టుకుంటుంది. మా ఆర్వో నడక అది. చీకట్లో కూడా ఆ నడక చూసి గుర్తుపట్టేవాళ్ళు మావాళ్ళు. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. శనివారం ఊరంతా కూర్చుని ఆయన్ని చూసి నవ్వుతుంది."

"అమ్మా, నేను మీ ఊరు ఎప్పుడూ రాలేదు."

"రేవులో చూసుంటావు. మీలాంటివాళ్ళు కెమెరాలు వేసుకుని అక్కడ తిరుగుతూనే ఉంటారు. ఆయన ఎప్పుడూ అక్కడే కూర్చుని వలలు బాగుచేసేవాడు. వేసవుల్లో చేపల పనికి అలాస్కా పోయేవాడు. పోనీ అక్కడ చూశావేమో."

"పుట్టింది అలాస్కాలోనే, కానీ మూడేళ్ళప్పుడే మా అమ్మ నన్ను తీసుకుని ఇటు వచ్చేసింది. అప్పటికి నాకు చెంచా పట్టుకోవడమే రాదు, కెమెరా ఎక్కడ!"

"జోకులు వద్దు బాబూ. ఆయన ఎలాంటి మనిషో నీకు తెలీదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకరిచేత మాట పడలేదు. పిల్లలు లేరని నన్ను ఒక్కమాట అనలేదు. నాకు నువ్వు చాలు అనేవాడు. అలాంటి మనిషికి తోక తగిలిస్తావా?"

"ఎలుగుబంటికి తోక కనపడదమ్మా."

"నోరు ముయ్యి. శనివారం ఆట ఆపించు. నేనడిగేది అదొక్కటే."

గ్రేడీ చేతికంటిన మట్టి తుడుచుకున్నాడు.

"ఆపమంటే ఆపిస్తాను. కానీ దొంగనంటే ఒప్పుకోను. ఇది చూడండి."

ఫోన్ ఆమె ముందు పెట్టాడు. ఇరుకైన వసారా. నిక్కరు వేసుకుని గ్రేడీ అటునుంచి ఇటు నడుస్తున్నాడు. కుడిపాదం. గెంతు. బకెట్టు చెయ్యి.

"మేం ముందు మేమే చేసి వీడియో తీసుకుంటాం. అది చూస్తూ మట్టిని కదుపుతాం. వాడికి పెట్టింది నా నడకే."

హెల్మీ ఆసాంతం చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూసింది.

"బాగా నేర్చావు," అంది. "అచ్చు దించేశావు. కెమెరా ముందు ఎవరైనా ఏమైనా చేస్తారు. అది కూడా ఆయన్ని చూసి చేసిందే."

"భలేవారే! నేను నడిస్తే కూడా నాది కాదా?"

ఇంతలో మూలనున్న పొయ్యి మీద కాఫీ పొంగింది. గ్రేడీ స్టూలు మీదనుంచి దూకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. చెరో చేతిలో ఒక కప్పుతో తిరిగి వచ్చాడు. వేడి వేళ్ళకు తగులుతోంది. నటించే తీరిక లేదు. నాలుగు అడుగులకోసారి కాఫీ ఒలుకుతూనే ఉంది. ఎడమచేతి కప్పు ఒంటికి ఆమడ దూరంలో ఉంది.

కాఫీ వద్దనే అలవాటు హెల్మీవాళ్ళ ఇళ్ళలో లేదు. కప్పు అందుకుంది.

"ఇప్పుడు చెప్పండి. దొంగనేనా?"

"కాదు," అంది హెల్మీ.

గ్రేడీ ముఖం విప్పారింది. "అమ్మయ్య! ఒక పని చేస్తానమ్మా. శనివారం నేనే మీ ఊరొస్తాను. సినిమాకి ముందు అందరి ఎదురుగా ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూపిస్తాను. అది మీ ఆయన నడక కాదు, నాదేనని మీవాళ్ళంతా కళ్ళారా చూస్తారు. ఇక ఆయన్ని చూసి నవ్వేదెవరు? ఆయన పరువు ఆయనకే ఉంటుంది. సరేనా?"

హెల్మీ కప్పు కింద పెట్టి, అతని ముఖంలోకి మొదటిసారి తేరిపార చూసి, "మీ అమ్మ పేరేమిటి బాబూ?" అని అడిగింది.