చేతి బ్యాగు

కోపంతో ఉన్న మనిషి ఎదుట ఓపిక పట్టడం బలమా, భయమా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. ఒకరోజు దొరికిన జవాబు మరునాటికి నిలవలేదు.

కరీంనగర్‌లో విమానాశ్రయం లేదు. విమానంలో పనిచేయడం నేర్పే సంస్థ మాత్రం ఒకటి ఉంది. బట్టల దుకాణం పైన ఒక హాలు. హాల్లో ప్లైవుడ్‌తో చేసిన చిన్న విమానం. అది ఎగరదు గానీ, సీట్ల పైన సామాన్ల అర మాత్రం నిజమైన చిన్న విమానంలో ఉన్నంత ఇరుకుగానే ఉంటుంది.

ఆ రోజు సృజనకు చివరి పరీక్ష. నెగ్గితే, హైదరాబాద్ నుంచి చిన్న ఊళ్లకు తిరిగే విమానాల్లో ఉద్యోగం. తప్పితే, ఇంటికి ఉట్నూరు బస్సు.

చేతి బ్యాగు వదలనని మొండికేసే ప్రయాణికుణ్ణి ఒప్పించాలి. మూడుసార్లు అడిగినా ఇవ్వకపోతే అతణ్ణి విమానంలోంచి దింపేయాలి. పరీక్ష అంతే. ఆ ప్రయాణికుడిగా నటించడానికి శిక్షకురాలు రుబీనా ప్రతిసారీ బయటి మనిషినే పిలిపిస్తుంది. ఈసారీ మెట్ల మీద పెద్ద బ్యాగుతో నిలబడ్డ మనిషిని ఆమే లోపలికి తీసుకొచ్చింది.

"వచ్చిండ్రా? ఎక్కండి. మొహమాటం వద్దు, గట్టిగ తిట్టాలె."

అతడు ఎక్కాడు. తలుపు దగ్గర సృజన చిరునవ్వు ఒక్క క్షణం చెదిరి, మళ్లీ కుదురుకుంది.

"నమస్కారం సర్. ఇది చిన్న విమానం. మీ బ్యాగు పై అరలో పట్టదు. నాకివ్వండి, వెనుక సామాన్ల గదిలో పెట్టిస్తాను."

"ఇయ్య."

"దిగగానే మెట్ల దగ్గరే మీ చేతికి అందిస్తాం సర్."

"ఒక్కసారి చెయ్యి దాటినంక వాపస్ వస్తదా? గిసొంటియి ఎన్ని చూడలే!"

"ఎక్కడికీ పోదు సర్. ఎక్కడున్నా మీదే."

"మాటలు మస్తు నేర్చినవ్. గీ రంగులు పూసుకొని, వచ్చినోనికి పోయినోనికి దండం పెట్టుడేనా సదువంటే? ఇంట్ల చెప్పేటోళ్లు లేరా నీకు?"

ప్రయాణికులుగా కూర్చున్న తోటి విద్యార్థులు నవ్వారు. "పెద్దమనిషీ, జర జల్ది ఇయ్యి! నీ లొల్లికి విమానం లేస్తలేదు," అని అరిచాడు ప్రణయ్.

"నువ్వు నోరు ముయ్యి. నీ అసొంటోళ్లను చూసే పోరగాండ్లు ఖరాబైతున్నరు."

రుబీనా ముచ్చటపడింది. "ఏం చేస్తుండు! పోయినసారి వచ్చినాయన దీంట్ల సగం గూడ చెయ్యలే."

సృజన చెయ్యి చాచింది. "రెండోసారి అడుగుతున్నాను సర్."

అతడు బ్యాగును ఛాతీకి అదుముకున్నాడు. గొంతు పగిలినట్టయింది.

"నీ కాళ్లు మొక్కాల్నా? పదిమందిల నా ఇజ్జత్ తీస్తున్నవ్. సిగ్గనిపిస్తలేదా?"

నవ్వులు ఆగిపోయాయి. ఇది ఎక్కువైందేమో అన్నట్టు రుబీనా తల ఎత్తి చూసింది. సృజన వద్దన్నట్టు ఆమె వైపు చెయ్యి అడ్డం పెట్టింది.

"కోపం మీది సర్. నియమం అందరిదీ. మూడోసారి అడుగుతున్నాను."

"ఇయ్య. ఏం చేస్తవో చేస్కో."

ఆమె పెదవులు వణికాయి. కళ్లు మాత్రం దించలేదు. అది బలమో భయమో అప్పుడు చూసినవాళ్లెవరూ చెప్పలేరు. ఆమె ఏదో నిర్ణయానికి వస్తోందని మాత్రం తెలిసింది.

అతడు హాస్టల్‌కు వెళ్లి ఆమె బట్టలన్నీ సర్దించి తెచ్చిన ఆ బ్యాగును అతని చేతుల్లోంచి మెల్లగా విడిపించి, తన వెనుక పెట్టుకొని, తలుపు వైపు చెయ్యి చూపుతూ సృజన అంది: "నేను రాను బాపూ, నువ్వు దిగు."