పాత నది జాడ

"సంతకం పెట్టడానికి ఇంత ఆలోచనేంటమ్మా? నీ ఆస్తి రాసిమ్మన్నానా?" అన్నాడు మేనేజరు, బల్ల మీద వేళ్ళతో టకటకలాడిస్తూ.

ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. బొగ్గు ముక్కను జిగురులో పోతపోసి, అద్దంలా నునుపు చేసి, అది పుట్టిన కాలంలో అక్కడేముండేదో చూసి చెప్పడం ఆమె పని. గనిలో అందరికీ ఆమె బొగ్గు డాక్టరమ్మ. కిటికీ అవతల, గని దిగే చోట, కార్మికులు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె సంతకం పడితే దిగి తూర్పు గోడ పేలుస్తారు.

అదే కిటికీ చువ్వలకు ఒక జత బూట్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. అవి ఆమె బావవి. సొంత అక్క మొగుడు. గనిలోంచి ముక్కలు కోసుకొచ్చే ఉద్యోగంలో అతన్ని పెట్టించింది ఆమే. "ఆరేసుకోవడానికి నా గదే దొరికిందా బావా?" అని పొద్దున్నే విసుక్కుంది కూడా.

"పడమటి నుంచి తూర్పుకు వస్తున్నకొద్దీ ప్రతి ముక్కలో బంకమట్టి పెరుగుతోంది సార్. ఈ బొగ్గంతా ఒకప్పుడు చిత్తడి అడవి. అందులో మట్టి పడిందంటే పక్కనే నది పొంగిందన్నమాట. ఆ నది తూర్పు గోడ వెనక పారుంటే అక్కడ ఇప్పుడు బొగ్గుండదు, ఇసుకరాయి ఉంటుంది. దాన్నిండా నీళ్ళుంటాయి. గోడ పేలిస్తే..."

"ఎప్పటి నదమ్మా అది! మనిషనేవాడు పుట్టకముందుది. దానికి భయపడి నా పని ఆపుకోనా? మూసేసిన పాత దారి గుండా గోడ వెనక్కి మనిషిని పంపి, మూడు చోట్ల ముక్కలు తెప్పించాం కదా. వాటిలో మట్టుందా?"

"లేదు సార్. మూడూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి."

"ఇంకేం మరి? నది అటు రాలేదు. కానివ్వు."

ఆమె పెన్ను తీసింది. మళ్ళీ మూత పెట్టేసింది. మూడు చోట్లకీ మధ్య చాలా దూరం ఉంది. మూడూ ఒకేలా, అంత శుభ్రంగా ఉండటమే ఆమెకు మింగుడుపడటం లేదు. "ఒక్కసారి" అని రెండో ముక్కను మళ్ళీ కటకం కింద పెట్టింది.

బూడిదరంగులో చెట్టు మాను అచ్చు. దాని మీద కాలిన మచ్చ. మచ్చలోంచి పసుప్పచ్చగా మెరిసే ఖనిజపు దారం ఒకటి బయల్దేరి, కుడి అంచు దగ్గర రెండు పాయలై ఆగిపోయింది. ఆమె మూడో ముక్క పెట్టింది. ఎడమ అంచులో రెండు పాయలు. అంతే ఎడం, అంతే లావు! మొదటి ముక్క కూడా తెచ్చి మూడింటినీ బల్ల మీద పక్కపక్కన ఆనించింది. విరిగిన పలక అతికినట్టు అతికాయి.

"ఇవి మూడు చోట్లవి కావు సార్. ఒకే గడ్డను మూడు ముక్కలు చేశారు. పడిపోయిన ఒక్క మాను తాలూకు బొగ్గిది. మానులో మట్టెందుకుంటుంది?" ఆమె మేనేజరు వైపు తిరిగింది. "పని ఆగకూడదని అంత మందిని చంపుకుంటారా? మీకసలు మనసనేది ఉందా?"

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "నోరు అదుపులో పెట్టుకో! ఆ ముక్కల్ని నేను ముట్టుకుంటే ఒట్టు. కోసిందీ మీ బావే, మోసుకొచ్చిందీ మీ బావే. సంచి తెచ్చి నీ చేతికే ఇచ్చాడు కదా!"

నిజమే. సంచి మూతికి బావ వేసిన ముడిని ఆమే విప్పింది.

మేనేజరు తలుపు తీసి కేకేశాడు. బావ రబ్బరు చెప్పులతో టపటపలాడుతూ వచ్చాడు. గనిలో తనంత ధైర్యస్థుడు లేడని ఇంటా బయటా కోతలు కోసే మనిషి.

"ఏంటి మరదలా, మళ్ళీ ముక్కలు కావాలా? చెప్పు, పాతాళంలోంచైనా పట్టుకొస్తా."

ఆమె బల్ల వైపు చూపించింది. అతికిన మూడు ముక్కల్నీ చూడగానే అతని నవ్వు ఎగిరిపోయింది.

"మూడు చోట్లకీ వెళ్ళావా, బావా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానే?"

"అక్క మీద ఒట్టేసి చెప్పు."

బావ తల దించుకున్నాడు. ఉద్యోగం ఊడుతుందన్నాడు మేనేజరు, జైలన్నాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి.

"బద్ధకమా బావా? నాలుగడుగులు వెయ్యడానికి ఒళ్ళు బరువైందా? గని దిగేవాళ్ళ ప్రాణాలంటే నీకంత అలుసా? అక్కకు ఏం చెప్పమంటావు నన్ను?"

"బద్ధకం కాదే" అన్నాడు బావ, చువ్వలకు వేలాడుతున్న బూట్ల వైపు చూస్తూ. "చెబితే పిరికివాడంటారని చెప్పలేదు. మొదటి చోటు దాటాక దారి పల్లానికి దిగింది. వెళ్దామనే దిగాను. నడుం దాకా వచ్చేసరికి ఒణుకు పట్టుకుంది. నాకు ఈత రాదే, మరదలా."