అత్తకు తోడు

ఆ ఉదయం ఇంట్లో నలుగురున్నారు: పిల్ల, అమ్మ, నాన్న, విదేశీ టూరుకు ఒంటరిగా బయల్దేరిన మేనత్త. వాకిట్లో కారు ఆగి ఉంది.

“టూరుకొచ్చే ముప్పైమందిలో మనవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అక్కా? తప్పిపోతే?” అంటూ నాన్న గుమ్మానికి అడ్డు నిలిచాడు.

“గైడు జెండా పట్టుకుని ముందు నడుస్తుందట. వెనకే పోతాను. మొన్న ఆసుపత్రిలో తప్పిపోయి, లిఫ్టు దగ్గర్నించి నాకు ఫోన్ చేసిందెవర్రా?”

పిల్లకు నవ్వాగలేదు.

“అయితే నేనే తోడొస్తా,” అన్నాడు నాన్న పెద్దరికంగా. అమ్మ వైపు తిరిగి, “నా బట్టలు కూడా సర్దు.”

ఆ భయం అత్త గురించి కాదని పిల్లకు అప్పుడర్థమైంది. అమ్మకు ముందే తెలిసినట్టుంది. ఆడపడుచు చేయి పట్టుకుని గబగబా తీసుకెళ్ళి కారులో కూర్చోబెట్టింది.

“వెనక్కి తిరిగి చూడకండి వదినా! చూశారంటే మళ్ళీ ఈయనకి అక్కయిపోతారు,” అంటూ తలుపు మూసేసింది.