టిక్కుమంటేనే ఇల్లు

“రిలే తీసెయ్యాలండీ” అంది ఎలక్ట్రీషియన్ మస్తాన్‌బీ.

“ఇల్లే తీసెయ్యాలా!” గుండె పట్టుకున్నాడు వైకుంఠం.

“రిలే! మీ మోటారు స్విచ్చి. లోపల మాడిపోయింది, నిప్పంటుకుంటది. చప్పుడు చెయ్యని కొత్తది పెడతా.”

“చప్పుడు లేనిది నాకెందుకమ్మా!”

వైకుంఠం భార్య హైమవతి చంద్రుడి మీద గనిలో పనిచేస్తుంది. నెల మీదున్న మనిషికి ఫోను నెలకోసారే. కానీ రోజూ సాయంత్రం ఆరింటికి అక్కణ్ణుంచే ఇంటి కంప్యూటర్‌కు చెప్పి మల్లెలకు నీళ్లు పెట్టిస్తుంది. అప్పుడు రిలే టిక్కుమంటుంది. అదే ఆవిడ పలకరింపని వైకుంఠం వివరించాడు.

“మా ఆయన్ని పంపిస్తా, పెళ్లాం పలకరింపు ఇలా వినడం కాస్త నేర్పండి” అంటూ మస్తాన్‌బీ మోటారును కొత్తదానికి కలిపి, పాతదాన్ని ఉత్త చప్పుడుకే ఉంచింది.

ఆరింటికి టిక్కుమంది. పాదుల్లోకి నీళ్లు పారాయి.

“వచ్చావా?” అన్నాడు వైకుంఠం, బల్ల మీద పక్కకు జరిగి చోటిస్తూ.