మొదటి గడి

కాలేజీలకు సైనికుల మీద ప్రేమ గోడమీది జెండా వరకే. ఆర్వో టోల్వనెన్‌కు ఇది రుజువైపోయిన విషయం. ఈ కాలేజీ ఒక్కసారి చూసొద్దాం పదమని భార్య ఐలీ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఈ మాటే చెప్పి అతను కుర్చీలోంచి లేవలేదు. నాలుగోసారి ఆమె అడగలేదు.

ఆమె పోయి రెండు చలికాలాలైంది. ఇప్పుడు ఆమె నోటుబుక్కు పట్టుకుని మాజీ సైనికుల విభాగం గుమ్మంలో నిలబడ్డాడు.

"రండి టోల్వనెన్ సార్!" కోటు మీద కుట్టిన ఇంటిపేరు చదివి పిలిచింది సలహాదారు రోండా. "నేను నేవీ. మీది ఆర్మీ కోటు. పోనీలెండి, అయినా కూర్చోనిస్తాను. భుజాల దగ్గర పట్టేసినట్టుందే! కోటు చిక్కిపోయిందా, మీరు ఒళ్ళు చేశారా?"

ఆర్వో నవ్వలేదు. "కోర్సు సంగతి చెప్పమ్మా."

"సహజ వనరుల సంరక్షణ. నాలుగేళ్ళ డిగ్రీ. అడవులు, వాగులు, చేపలు. సగం చదువు బురదలోనే."

ఇంటి వెనక వాగు ఒడ్డున ఐలీ నాటిన దేవదారు మొక్కలు ఏటా జింకలపాలయ్యేవి. వీటినెలా బతికించాలో మనకెవరు చెబుతారు ఆర్వో, అనేది. అతను కిటికీలోంచి చూసేవాడు.

నోటుబుక్కు తెరిచి ఆమె గుండ్రటి రాత చదివాడు. "తరగతిలో గోడకు వీపు ఆనించి, గుమ్మం కనపడేలా కూర్చోవచ్చా?"

"వెనక వరస మొత్తం మనవాళ్ళదే. ఆ కుర్చీల కోసం కొట్టుకు చస్తారు."

"మధ్యలో నెల రోజులు ఆసుపత్రిలో ఉండాల్సొస్తే?"

"సీటు ఎక్కడికీ పోదు. పాఠాలు నేనే దాచిపెడతాను."

ఆర్వో పేజీ తిప్పాడు. ఒక్కదానికైనా కుదరదంటే బాగుండునని ఉంది అతనికి.

"కార్చిచ్చు రాకుండా అడవికి మీరే ముందుగా నిప్పు పెట్టే పాఠం ఉందట. పొగ పడనివాళ్ళ సంగతేంటి?"

రోండా గొంతు తగ్గించింది. "శిబిరాల్లో చెత్త తగలబెట్టిన గుంటల పొగ పీల్చినవాళ్ళు ఏటా వస్తారు సార్. వాళ్ళకి నిప్పు పని బదులు మొక్కలు నాటే పని ఇస్తాం. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి."

"ఆరేళ్ళుగానా?"

"ఆరేళ్ళుగా. మీరు ముందే రావాల్సింది."

ఆర్వో నోటుబుక్కు మూశాడు. చెయ్యి అట్ట మీదే ఉండిపోయింది.

"ఎక్కడ పనిచేశారు సార్, ఇరాక్‌లోనా?"

"ఆ సంగతి మాట్లాడను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ మాట్లాడను."

ఇలాంటివాళ్ళను రోండా చాలామందిని చూసింది. దరఖాస్తు ముందుకు జరిపింది.

"సైన్యంలో పనిచేసినవారి పేరు మొదటి గడిలో, చదవబోయేవారి పేరు రెండో గడిలో. చాలామందికి రెండూ ఒకటే లెండి."

రెండో గడిలో ఆర్వో తన పేరు రాశాడు.

మొదటి గడిలో ఐలీ పేరు రాశాడు.