ఎనభై ఎనిమిదో పేరు

"నీ బటన్ ఎంతమందిని లెక్కపెట్టింది తల్లీ?" అనడిగాడు ముసలాయన.

వార్డు గుమాస్తా షాహిందాకి ఒళ్లు మండింది.

రేపట్నుంచి రంజాన్ ఉపవాసాలు. దమన్హూర్ ఆసుపత్రి డయాలసిస్ వార్డులో ఎనభై ఎనిమిది మంది రోగుల వేళలు ఇఫ్తార్‌కి తగ్గట్టు మార్చాలి. పని తెమలక ఆమె చస్తుంటే ఈయనొకడు.

పేరు రాతిబ్. వార్డులో ఆయన తాలూకు రోగి ఎవరూ లేరు. అయినా వారం వారం వచ్చి, గోడకి అంటించిన జాబితాలో పేర్లు వేలుపెట్టి లెక్కపెట్టుకుని పోతాడు.

బటన్ అంటే మాక్రో. పక్క ఊరి ఆసుపత్రి నుంచి చేతులు మారి వచ్చిన ఎక్సెల్ ఫైల్లో ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, రెండుసార్లు పడ్డ పేర్లు తీసేసి, వేళలు సర్దేసి, జాబితా చేతిలో పెడుతుంది.

అది వద్దు, ఫార్ములాలు పెట్టుకోమని ఆయన గోల. ఫార్ములా తప్పు చేస్తే గడిలో కళ్లెదుటే కనబడుతుందట. మాక్రో తలుపేసుకుని పనిచేస్తుందట. అది చేసేశాక వెనక్కి తిప్పుకునే దారి కూడా ఉండదట.

"పోనీ, కింద రెండు గడుల్లో లెక్కపెట్టే ఫార్ములా పెట్టమ్మా. ముందు ఎంతమంది, తరవాత ఎంతమంది. అంతే."

"అసలు మాక్రో అంటే ఏంటో నీకు తెలుసా బాబాయ్?"

గదిలో అందరూ నవ్వారు. ఆయన గోడమీది పేర్లు మరోసారి వేలుపెట్టి లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. ఇక ఈయన్ని లోపలికి రానివ్వొద్దని షాహిందా గేటు దగ్గర కాపలా అతనికి చెప్పించి, బటన్ నొక్కింది.

ఇన్సాఫ్ ఖైరీ దర్వీష్ పేరుతో వార్డులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. తండ్రి పేరూ, తాత పేరూ కూడా ఒకటే. మాక్రో ఇద్దర్నీ ఒక్కరనుకుంది.

శనివారం రెండో ఇన్సాఫ్ వస్తే, జాబితాలో ఆ పేరు ఒక్కటేనని, ఆ మనిషి అప్పుడే లోపల మంచమెక్కిందని కాపలా అతను తిప్పి పంపాడు. సోమవారం ఒళ్లంతా వాచి వచ్చింది. అప్పుడూ అంతే.

ఈ సంగతులేవీ షాహిందా దాకా రాలేదు. మంగళవారం పక్క ఊరి ఆసుపత్రి గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు. మీ గేటు బయట కూలబడిపోయిన మనిషిని రాతిబ్ గారు ఆటోలో తెచ్చి మా దగ్గర చేర్పించారు, ఊపిరి అందడం లేదు, తెల్లారితే గానీ ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు, అన్నాడు.

షాహిందా ఫోను చెవికి ఆనించుకునే లేచింది. జాబితా దగ్గరికెళ్లి లెక్కపెట్టింది. ఎనభై ఏడు. మళ్లీ పెట్టింది. ఎనభై ఏడే.

"ఆయనకి ఫోనివ్వండి, కాళ్లు పట్టుకుంటాను," అంది.

"లేరమ్మా. ఆయన మా వార్డు గడప తొక్కరు. మనిషిని మెట్ల దగ్గర మాకప్పగించి వెళ్లిపోయారు."

"ఎందుకని?"

"ఇక్కడ కంప్యూటర్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, మీ దగ్గరికొచ్చిన ఆ మాక్రో రాసింది ఆయనే, అది మొదట తీసేసిన పేరు వాళ్లావిడది."