ఉడుముకు సున్నా

వాగుకు అటూ ఇటూ ఉన్న జంతువులు కబడ్డీ ఆడుకునే రోజుల్లో, ఇవతలి జట్టులో ఎవరు అవతలి జట్టు నక్కను పట్టినా వడ్రంగిపిట్ట వాళ్ళ పేరు కింద టేకుచెట్టు మీద ముక్కుతో ఒక గాటు పెట్టేది.

ఈసారి పోటీకి ముందు అది ఆట నేర్పే ఎలుగుబంటిని పిలిచింది. "చూడు మామా! ముంగిసకు తొమ్మిది గాట్లు, కుందేలుకు నాలుగు. ఎడమ మూల నిలబడే ముసలి ఉడుముకు సున్నా! వయసుకు దండాలు పెట్టే కాలం పోయింది. లెక్క చెప్పిందే న్యాయం."

ఎలుగు తల గోక్కుని, ఉడుమును తప్పించి ఆ మూల ఉడుతను నిలబెట్టింది.

"పట్టులేని ఉడుమట!" అని కోతులు పకపకా నవ్వాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మూలే లోకమైన ఉడుము దించిన తల ఎత్తలేదు.

ఆట మొదలైంది. కూతకొచ్చిన ప్రతి నక్కా నేరుగా ఉడుత మీదికే పోయింది. విరామానికి ఎనిమిది పాయింట్లు పోయాయి. పిట్ట ఉండబట్టలేక నక్కనే అడిగింది. "ఇన్నేళ్ళూ ఆ మూలకు ఒక్కసారీ రాలేదేం?"

"పిచ్చిదానా, అక్కడ ఉడుముండేదిగా! అది పట్టుకుంటే వదులుతుందా?"

పిట్ట ఎగిరొచ్చి ఉడుము పక్కన వాలింది. "లే తాతా, నీ మూలకు పో."

"మరి నీ లెక్కో?"

"లెక్క సరిగ్గానే ఉంది. సున్నా ఎందుకైందని నేనే అడగలేదు."

ఉడుము బరిలోకి దిగింది. కూతకొచ్చిన నక్క దాన్ని చూసి బెదిరి కుడివైపు తిరిగి, ముంగిసకు చిక్కింది.

పిట్ట గాటు పెట్టబోయి ఆగింది. ఇది ఎవరి పేరు కింద పెట్టాలి?